తాళాల గుత్తి ఎవరి కొంగున? విక్టోరియన్ నవలల్లో స్త్రీలు, డబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లిష్ నవలలు చదివే మిత్రులు, ఎం.ఎ. విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఒకచోట రాసిపెట్టిన జవాబులివి. విక్టోరియన్ కాలమంటే విక్టోరియా రాణి ఏలిన 1837–1901 మధ్యకాలం. కథల్లోని మలుపులను దాచలేదు. ముగింపు ముందే తెలిస్తే చదవబుద్ధి కాదనుకునేవారు నవల పూర్తిచేసి రండి.

ప్రేమకథల్లో కూడా డబ్బు లెక్కలు వెతకాలా?

వెతకనక్కర్లేదు, రచయితలే లెక్క అప్పజెప్పారు. షార్లెట్ బ్రాంటే ‘జేన్ ఐర్’ నాయిక జేన్ జీతం ఏడాదికి 30 పౌండ్లు. ‘మిడిల్‌మార్చ్’ నాయిక డొరొతియా బ్రూక్‌కు ఏటా వచ్చేది 700. ‘ద ఉమన్ ఇన్ వైట్’లో లారా ఫెయిర్లీ సొత్తు 20,000. కథానాయిక కళ్ల రంగు మనం మరిచిపోతాం గానీ ఆమె ఆదాయం ఎంతో నవల మరిచిపోనివ్వదు. ‘వ్యానిటీ ఫెయిర్’లో బెకీ షార్ప్, ఏడాదికి అయిదు వేల పౌండ్లుంటే తానూ మంచి స్త్రీగానే బతికేదాన్నేమో అనుకుంటుంది. థాకరే ఆమెను మందలించడు సరికదా, ఆమె అన్నది నిజమేనేమో ఎవరికి తెలుసు అని తనూ ఒక మాట కలుపుతాడు.

‘స్త్రీవాదం’ అనే అర్థంలో ఇంగ్లిష్ మాట వాడుకలోకి వచ్చిందే ఆ శతాబ్దం చివర్లో. అంతకుముందు ఈ నవలల్లో హక్కుల గురించి ఉపన్యాసాలు తక్కువ. జీతం, వీలునామా, సంతకం, తాళంచెవి – చర్చంతా వీటి చుట్టూ నడుస్తుంది. నా దృష్టిలో ఆ నవలల్లోని స్త్రీవాదం అక్కడే ఉంది.

పెళ్లయిన స్త్రీకి చట్టప్రకారం ఏం మిగిలేది?

దాదాపు ఏమీ లేదు. ఇంగ్లాండ్‌లో ‘కవర్చర్’ అనే సూత్రం ఉండేది. పెళ్లితో భార్య ఉనికి భర్త ఉనికిలో కలిసిపోతుందని దాని అర్థం. 18వ శతాబ్దపు న్యాయ పండితుడు బ్లాక్‌స్టోన్, చట్టం దృష్టిలో భార్యాభర్తలు ఒక్క మనిషేనని రాశాడు. ఆ ఒక్క మనిషి ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. భార్య చేతిలోని నగదు, ఒంటిమీది నగలు, ఆమె సంపాదన అన్నీ భర్తవే. భూమి ఉంటే దాని మీది రాబడి, అజమాయిషీ అతనివి. ఆమె తన పేరున ఒప్పందం చేసుకోలేదు, దావా వేయలేదు. పెళ్లికాని స్త్రీకి, వితంతువుకు మాత్రం ఈ సంకెళ్లు లేవు. మూడుముళ్లు లేని ఆ దేశంలో ముడి మాత్రం గట్టిగానే పడేది.

1870 చట్టం మొదటిసారి భార్య సంపాదనను భార్యదే అన్నది. వారసత్వంగా వచ్చే డబ్బు విషయంలో 200 పౌండ్ల వరకే ఆమెదని గీత గీసింది. ఆస్తంతా ఆమె పేరున నిలవడానికి 1882 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అది 1883 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఏ నవల తీసుకున్నా ముందు ఈ రెండు తేదీలకు అటా ఇటా అని చూసుకోండి. సగం సందేహాలు అక్కడే తీరతాయి.

డబ్బున్నవాళ్లు కూతుళ్ల కోసం ఏ ఏర్పాటూ చేసేవారు కాదా?

చేసేవారు. పెళ్లికి ముందే లాయర్లను కూర్చోబెట్టి ఒప్పంద పత్రం రాయించి, అమ్మాయి ఆస్తిని ధర్మకర్తల చేతిలో పెట్టేవారు. ఆ పత్రం ఖర్చు భరించగలిగినవాళ్లకే ఆ రక్షణ. అదీ పుట్టింట్లో పట్టించుకునే పెద్దదిక్కు ఉంటేనే.

పట్టించుకోకపోతే ఏమవుతుందో విల్కీ కాలిన్స్ ‘ద ఉమన్ ఇన్ వైట్’లో (1859–60) చూపించాడు. లారా సంరక్షకుడైన ఫెయిర్లీకి తన నరాల బలహీనత తప్ప వేరే ప్రపంచం లేదు. పిల్లలు లేకుండా భార్య పోతే ఆ 20,000 పౌండ్లూ తనకే రావాలని పెళ్లికొడుకు సర్ పర్సివల్ వైపు లాయరు పట్టుబడతాడు. ఇది కుదరదని కుటుంబ లాయరు గిల్‌మోర్ మొత్తుకుంటాడు. ఫెయిర్లీ తలనొప్పి భరించలేక సరేనంటాడు. అప్పుల్లో మునిగిన మొగుడికి భార్య బతికి ఉండటం కన్నా చనిపోవడమే లాభమయ్యేలా పత్రం తయారైంది. ఆ తర్వాతి కుట్రంతా ఆ ఒక్క షరతులోంచి పుట్టిందే.

పెళ్లయ్యాక వచ్చే సన్నివేశం ఇంకా బాగుంటుంది. పర్సివల్ ఒక దస్తావేజు తెచ్చి, రాత కనిపించకుండా మడిచి, సంతకం చేయాల్సిన చోటు మాత్రం పైకి ఉంచి కలం అందిస్తాడు. చదివి చేస్తానంటుంది లారా. ఆడవాళ్లకు వ్యవహారాలు అర్థం కావని అతను గద్దిస్తాడు. నవలంతా మెతకగా, నీడలా ఉండే ఆ అమ్మాయి ఆ ఒక్కచోట మాత్రం కలం పట్టదు. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయించుకునే కథలు విన్న మనకు ఆ మడతపెట్టిన కాగితం కొత్తేమీ కాదు.

30 పౌండ్లంటే ఈనాటి లెక్కలో ఎంత?

రూపాయల్లోకి మార్చి చెప్పే లెక్కలు నాకు నచ్చవు, అవి దారి తప్పిస్తాయి. ఆ మొత్తాన్ని నవల లోపలే పోల్చి చూడటం మేలు. లోవుడ్ బడిలో టీచరుగా జేన్‌కు ఏటా 15 పౌండ్లు. థార్న్‌ఫీల్డ్ అనే బంగళాలో గవర్నెస్‌గా, అంటే ఆ ఇంట్లోనే ఉండి పిల్లలకు చదువు చెప్పే పంతులమ్మగా, దానికి రెట్టింపు. తిండి, బస యజమానివి. షార్లెట్ బ్రాంటే స్వయంగా 1841లో గవర్నెస్‌గా చేరినప్పుడు జీతం 20 పౌండ్లు, అందులో నాలుగు బట్టలుతికినందుకు కోత. కథానాయికకు తనకన్నా ఎక్కువ జీతమే ఇచ్చుకుంది.

గవర్నెస్ స్థితి మన ఇళ్లలో పూర్వం ఉండే ట్యూషన్ మాస్టారి స్థితి కన్నా ఇరకాటం. చదువుంది కాబట్టి పనివాళ్లు తమలో కలుపుకోరు, జీతం తీసుకుంటుంది కాబట్టి యజమానులు బల్లదగ్గర కూర్చోనివ్వరు.

‘జేన్ ఐర్’ను అందరూ ఎందుకు తలకెత్తుకుంటారు? అది చివరికి పెళ్లితో ముగిసేదే కదా?

పెళ్లితోనే ముగుస్తుంది. కానీ ఆ పెళ్లి దాకా నడిచే చిల్లర లెక్కలు చూడండి.

చావుబతుకుల్లో ఉన్న మేనత్తను చూడటానికి జేన్ సెలవు అడుగుతుంది. (రక్తసంబంధం లేదు, మేనమామ భార్య కాబట్టి మన లెక్కలో మేనత్తే.) నీ దగ్గర ఎంత ఉందని ఇంటి యజమాని రాచెస్టర్ అడిగితే పర్సు తీసి అయిదు షిల్లింగులు (పౌండులో పావు వంతు) చూపిస్తుంది. అతను నవ్వి 50 పౌండ్ల నోటు ఇవ్వబోతాడు. అతను బాకీ ఉన్నది పదిహేనే. తన దగ్గర చిల్లర లేదంటుంది. అతను ఆలోచించి, యాభై ఇస్తే మూడు నెలలు రాకుండా ఉంటావేమోనని పది చేతిలో పెట్టి, చాలవా అంటాడు. చాలు, కానీ ఇప్పుడు మీరు నాకు అయిదు బాకీ అంటుంది జేన్. తక్కిన డబ్బు కోసం తిరిగి రా అంటాడతను. ఇది సరసమే, ఇద్దరికీ సరదాగానే ఉంది. కానీ జీతం ఆపి మనిషిని ఆపడమనే పద్ధతి కూడా ఆ సరసంలోనే ఉంది. అది జేన్‌కు తెలుసు కాబట్టే అయిదు పౌండ్ల లెక్క వదలదు.

పెళ్లి కుదిరాక అతను పట్టుబట్లల దుకాణానికి తీసుకెళ్తాడు. అతను కొనిపెడుతున్న కొద్దీ ఆమెకు అవమానంతో ఒళ్లు మండుతుంది. బొమ్మకు కట్టినట్టు తనకు బట్టలు కట్టడం సహించలేనంటుంది. పెళ్లయ్యాక కూడా పాపకు చదువు చెప్పి 30 పౌండ్లు సంపాదించుకుంటాననీ, తన బట్టలు తానే కొనుక్కుంటాననీ షరతు పెడుతుంది. తనకంటూ కాస్త ఆదాయం ఉంటే బాగుండునని, మదీరా ద్వీపంలో ఉన్న తండ్రి సోదరుడికి ఉత్తరం రాస్తుంది.

చాలామంది ఈ ఉత్తరాన్ని చదివి వదిలేస్తారు. అసలు కీలు అదే. రాచెస్టర్‌కు అప్పటికే పెళ్లయింది, ఆ మొదటి భార్య బతికే ఉంది. ఆమె సోదరుడు మేసన్ ఆ సమయానికి మదీరాలో ఆ పెద్దాయన దగ్గరే ఉంటాడు. ఉత్తరం చూసి, ఈ పెళ్లి ఎలా జరుగుతుందని పరుగున వచ్చి చర్చిలో ఆపుతాడు. అంటే, జేన్‌ను ఆ దొంగ పెళ్లి నుంచి కాపాడింది దైవమో, అనుమానమో కాదు. సొంత డబ్బు కావాలని రాసుకున్న ఉత్తరం.

ఇంట్లోంచి వెళ్లిపోయే రాత్రి రాచెస్టర్ ఇచ్చిన ముత్యాలు అక్కడే వదిలేసి 20 షిల్లింగులతో బండెక్కుతుంది. బండివాడు ముప్పై అడిగితే ఉన్నది ఇరవయ్యే అని మొత్తం ఇచ్చేస్తుంది. కొద్ది రోజుల్లోనే, మెడలోని చేతిరుమాలుకు ఒక రొట్టె ఇస్తారా అని అడిగే స్థితికి వస్తుంది. ఆత్మగౌరవం గురించి ఎంత గొప్పగా రాసినా, దాని ఖరీదు ఎంతో బ్రాంటే దాచలేదు.

కష్టపడి గెలవకుండా, మదీరాలోని ఆ బంధువు చనిపోయి జేన్‌కు 20,000 పౌండ్లు రావడం మోసం కాదా?

మంచి ప్రశ్న. నేనూ చాలాకాలం అలాగే విసుక్కున్నాను. ఇప్పుడు అది ఆ కాలం మీద పెట్టిన ఫిర్యాదుగా కనిపిస్తోంది. ఏడాదికి 30 పౌండ్ల చొప్పున జేన్ 20,000 కూడబెట్టాలంటే ఆరువందల ఏళ్లకు పైగా పని చేయాలి. ఆడమనిషి జీతంతో స్వతంత్రంగా బతికే దారి రచయిత్రి కళ్లెదుట లేదు. అందుకే ఎక్కడో ఒక బంధువును చంపాల్సి వచ్చింది. వచ్చిన డబ్బును జేన్ తన తండ్రి తోబుట్టువు పిల్లలు ముగ్గురితో కలిపి నాలుగు భాగాలు చేసి తలా అయిదు వేలు పంచుతుంది. తర్వాతే రాచెస్టర్ దగ్గరికి వెళ్లి, నేను స్వతంత్రురాలిని, డబ్బున్నదాన్ని అంటుంది.

రెండు ముళ్లు మాత్రం విప్పకుండా వదలకండి. ఒకటి: నవల వెలువడిన 1847 నాటి చట్టంలో, ఒప్పంద పత్రమేదీ లేకుంటే, పెళ్లి రోజునే ఆ అయిదు వేలు రాచెస్టర్ పాలవుతాయి. దాని గురించి నవల నోరు విప్పదు. రెండోది: రాచెస్టర్ మొదటి భార్య బెర్తాతో పాటు జమైకా నుంచి వచ్చిన కట్నం 30,000 పౌండ్లు. ఆ ద్వీపంలో సంపద బానిసల చెమటతో పండినది. ఒక స్త్రీ కట్నం పోగొట్టుకుని మేడమీద గదిలో బందీ అయింది, ఇంకో స్త్రీ వారసత్వంతో కింద తలుపు తట్టింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే ముగింపు అంత తియ్యగా ఉండదు.

సొంతంగా సంపాదించే నాయికలు అసలు లేరా?

ఉన్నారు. నా ఓటు ఆన్ బ్రాంటేది. అక్క నీడలో పడి ఆమెకు దక్కాల్సిన పేరు దక్కలేదు. ‘ద టెనంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్’ (1848) నాయిక హెలెన్ తాగుబోతు భర్త నుంచి కొడుకును తప్పించాలని బొమ్మలు గీసి అమ్మే ఆలోచనలో ఉంటుంది. భర్త ఆమె డైరీ చదివేస్తాడు. తాళాలు ఇమ్మంటాడు. ఆమె రంగులు, కుంచెలు, రంగులు కలిపే పలక తెచ్చి ఆమె కళ్లముందే పొయ్యిలో పడేస్తాడు. తర్వాత డబ్బు, నగలు లాక్కుని నెలకింత అని చేతి ఖర్చుకు ఇస్తానంటాడు. ఇందులో చట్టాన్ని అతిక్రమించిన పని ఒక్కటీ లేదు. అదే ఆ సన్నివేశంలోని భయం.

చివరికి పారిపోయి, మారుపేరుతో బతుకుతూ, గీసిన బొమ్మ కింద తప్పు ఊరిపేరు రాసి లండన్‌కు పంపుతుంది. సంపాదన దొరికినా సంతకం దక్కలేదు.

దీనికి పూర్తిగా వేరే రుచి ఎలిజబెత్ గాస్కెల్ ‘క్రాన్‌ఫర్డ్’. మిస్ మాటీ పట్టుగౌను గుడ్డ కొనడానికి దుకాణానికి వెళ్తుంది. అక్కడ ఒక రైతు ఇచ్చిన అయిదు పౌండ్ల నోటు చెల్లదంటారు, ఆ బ్యాంకు మునిగిపోతోందని. ఆ బ్యాంకులో ఆమెకు వాటా ఉంది. తన పర్సులోని అయిదు బంగారు నాణేలు రైతు చేతిలో పోసి ఆ కాగితం తాను తీసుకుంటుంది. వాటాదారుగా అది తన బాధ్యత అనుకుంటుంది. గౌను కొనకుండా ఇంటికొస్తుంది. బ్యాంకు నిజంగానే మునుగుతుంది. గొప్పింటి పెద్దావిడ ముందుగదిలో టీ పొడి అమ్మకానికి కూర్చుంటుంది. అదీ, తన వల్ల ఊళ్లోని దుకాణదారుకు బేరం దెబ్బతింటుందేమోనని అతన్నే అడిగొచ్చాక! వ్యాపారశాస్త్రం ఒప్పుకోకపోయినా అతను తన గిరాకీలనే ఆమె దగ్గరికి పంపుతాడు. చివర్లో ఇండియా నుంచి సోదరుడు డబ్బుతో తిరిగి రావడంతో దుకాణం మూతపడుతుంది. మళ్లీ వలసదేశం సొమ్మే ఆదుకుంది.

ఆస్తి ఉన్న స్త్రీలు పెళ్లి విషయంలో ఎందుకంత తప్పటడుగు వేస్తారు?

హార్డీ ‘ఫార్ ఫ్రమ్ ద మ్యాడింగ్ క్రౌడ్’లో (1874) బాత్‌షెబాను మార్కెట్‌లో చూడండి. ధాన్యం బేరగాళ్ల నడుమ ఆమె ఒక్కతే ఆడమనిషి. మచ్చు గింజలు సన్నని అరచేతిలో పోసుకుని, వాళ్ల పద్ధతిలోనే చూపించి బేరమాడుతుంది. గుమాస్తా అక్కర్లేదు, అన్నీ నేనే చూసుకుంటానని కూలీల ముందు ప్రకటిస్తుంది. ట్రాయ్‌ను పెళ్లాడిన కొన్నాళ్లకే, గుర్రప్పందాల్లో నెలలో వంద పౌండ్లకు పైగా పోగొట్టావా అని అతన్ని దిగులుగా అడిగే స్థితికి వస్తుంది. తెలివి తగ్గిందా అంటే లేదు. పగ్గం చేయి మారింది.

‘మిడిల్‌మార్చ్’ (1871–72) డొరొతియా కథ తిరగబడిన కథ. చనిపోయిన భర్త కాసాబన్ వీలునామాకు ఒక తోక తగిలించాడు: నా బంధువు విల్ లాడిస్లాను పెళ్లాడితే నా ఆస్తి దక్కదు. ఆమె ఆ ఆస్తినే వదిలేస్తుంది. తన 700 పౌండ్లతో బతకొచ్చు, కొత్త బట్టలు వద్దు, ఏ వస్తువు ధర ఎంతో నేర్చుకుంటానని ఏడుస్తూ అంటుంది. ధరలు తెలియకుండా పెరగడం ఎంత పెద్ద సౌఖ్యమో, ఎంత పెద్ద పంజరమో ఆ ఒక్క మాటలో పట్టింది జార్జ్ ఎలియట్. కానీ 700 పౌండ్లున్న మనిషి త్యాగం, 30 పౌండ్ల మనిషి త్యాగం ఒకటి కావని గుర్తుంచుకోవాలి.

ఈ రచయిత్రుల సొంత డబ్బు సంగతేమిటి?

ఇది నవలల కన్నా రసవత్తరం. ఒక కథకు 20 పౌండ్లు వచ్చాయనీ, తన భర్త నింపాదిగా దాన్ని జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడనీ గాస్కెల్ 1850లో స్నేహితురాలికి ఉత్తరం రాసింది. అతను దుర్మార్గుడేమీ కాదు, చట్టం ఇచ్చిన జేబది. పదిహేనేళ్ల తర్వాత ఆమె తన సంపాదనతో హాంప్‌షైర్‌లో ఒక ఇల్లు ఆయనకు తెలియకుండా కొన్నది. 1865లో ఆ ఇంట్లోనే కన్నుమూసింది.

కారొలైన్ నార్టన్ భర్తకు దూరంగా ఉంటూ రాసి బతికితే, ఆ రాబడి కూడా తనదేనన్నాడు భర్త. ఆమె కరపత్రాలు చట్టం మార్పుకు దారి వేశాయి. 1856లో బార్బరా లీ స్మిత్ పూనికతో వివాహిత స్త్రీల ఆస్తి కోసం పార్లమెంటుకు వెళ్లిన అర్జీల మీద సుమారు 26 వేల సంతకాలున్నాయి. వాటిలో గాస్కెల్‌దీ, ఇంకా ‘జార్జ్ ఎలియట్’ అనే పేరు పెట్టుకోని మేరియన్ ఎవాన్స్‌దీ ఉన్నాయి. ఆ మేరియన్, వేరే భార్య ఉన్న లూయిస్‌తో కలిసి బతికి లోకం చేత మాటలు పడింది. పెళ్లి కాలేదు కాబట్టి చట్టం దృష్టిలో ఆమె సంపాదన ఆమెదే. ‘రొమోలా’ నవలకు పుచ్చుకున్న 7,000 పౌండ్లతో సహా. మర్యాదగా పెళ్లాడిన గాస్కెల్‌కు లేని హక్కు మర్యాద పోగొట్టుకున్న ఎలియట్‌కు ఉంది.

కూలీ ఆడవాళ్ల మాటేమిటి?

తక్కువే. ‘నార్త్ అండ్ సౌత్’ (1854–55) నాయిక మార్గరెట్ హేల్, తన 18,057 పౌండ్లు బ్యాంకులో రెండున్నర శాతం వడ్డీకి పడి ఉన్నాయనీ, అంతకన్నా ఎక్కువ వడ్డీ ఇచ్చి వాడుకోమనీ మిల్లు యజమాని థార్న్‌టన్‌తో బేరం మాట్లాడుతుంది. ఇంగ్లిష్ నవలల్లో ఇంత బాగా రాసిన ప్రేమ ప్రతిపాదన అరుదు. అదే నవలలో బెస్సీ హిగిన్స్ అనే అమ్మాయి మిల్లులో దూది నుసి పీల్చి ఊపిరితిత్తులు పాడై పందొమ్మిదేళ్లకే పోయింది. బెస్సీ సంపాదించింది కూడా. ఆ సంపాదన ఆమెను స్వతంత్రురాలిని చేయలేదు.

మన స్త్రీధనం లాంటిది వాళ్లకు లేదా?

‘ద మిల్ ఆన్ ద ఫ్లాస్’లో (1860) మిసెస్ టులివర్‌ను చూస్తే మనవాళ్లకు చప్పున అర్థమవుతుంది. భర్త దావా ఓడి దివాలా తీస్తాడు. ఆమె పుట్టింటి పేరు ఎలిజబెత్ డాడ్సన్ అని గుర్తు వేసిన బల్లగుడ్డలు, వెండి టీ పాత్ర కూడా వేలానికి వెళ్తాయి. సామాన్ల గదిలో కూర్చుని వాటిని చూసుకుని ఏడుస్తుంది. సారె అప్పులవాళ్ల పాలైనట్టు. మన ధర్మశాస్త్రాల్లో స్త్రీధనం అనే మాట కాగితం మీదైనా ఉంది. అక్కడ మామూలు చట్టంలో అదీ లేదు. బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ 1874లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం తెచ్చినప్పుడు హిందూ, ముస్లిం స్త్రీలను దాని బయటే ఉంచింది.

1882 తర్వాత నవలలు మారాయా?

మారాయి, కానీ సంబరంగా కాదు. మార్గరెట్ ఓలిఫంట్ ‘హెస్టర్’లో (1883) కేథరిన్ వెర్నన్ అనే స్త్రీ కుటుంబ బ్యాంకునే నిలబెట్టి నడిపింది. గిసింగ్ ‘ది ఆడ్ విమెన్’ (1893) చూస్తే చట్టం వచ్చాక మిగిలిన సమస్య తెలుస్తుంది: మీ ఆస్తి మీదే, కానీ ఆస్తే లేకపోతే? వెయ్యి పౌండ్లకు బీమా చేయిద్దామనుకుంటూనే తండ్రి ప్రమాదంలో పోతాడు. ఆరుగురు అక్కచెల్లెళ్లకు మిగిలింది 800 పౌండ్లు. అసలు ముట్టకుండా వడ్డీతో బతకాలని చూస్తూ పెద్దవాళ్లు పస్తులుంటారు. చిన్నది మోనికా దుకాణంలో రోజుకు పదమూడు గంటలకు పైగా నిలబడలేక, ఆదాయమున్న నడివయసువాణ్ణి కట్టుకుని అతని అనుమానానికి చిక్కుతుంది. మరోపక్క రోడా నన్, మేరీ బార్‌ఫుట్‌లు అమ్మాయిలకు టైపు నేర్పిస్తుంటారు. వారసత్వం కోసం ఎవరి చావుకూ ఎదురుచూడకుండా బతికే మొదటి దారి టైపు మిషను చప్పుడుతో వచ్చింది.

ఎక్కడ మొదలుపెట్టమంటారు?

‘క్రాన్‌ఫర్డ్’తో. సన్నటి పుస్తకం, నవ్విస్తుంది కూడా. తర్వాత ‘వైల్డ్‌ఫెల్ హాల్’, ఆ తర్వాత ‘జేన్ ఐర్’. ‘మిడిల్‌మార్చ్’ లావు చూసి భయపడేవారు దాన్ని సెలవులకు ఉంచుకోండి. చదివేటప్పుడు పెన్సిలు దగ్గర పెట్టుకుని, పౌండ్ల అంకె కనిపించిన ప్రతిచోటా అంచులో గుర్తు పెట్టండి. నా ‘జేన్ ఐర్’ ప్రతిలో ‘అయిదు పౌండ్లు బాకీ’ అన్న చోట కాగితం చిరిగేంత గట్టిగా గీత ఉంది. ఆ అయిదు పౌండ్లు రాచెస్టర్ తీర్చాడా లేదా అని ఒక విద్యార్థిని అడిగింది. వెతికాను. తీర్చినట్టు నాకెక్కడా కనబడలేదు.